బాల్ పైథాన్‌కు ఒక కన్ను మసకబారింది: పొర లాగొచ్చా, చుక్కలు వెయ్యొచ్చా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. నల్గొండలో ఒక తమ్ముడి దగ్గర మూడేళ్ల మగ బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి కొండచిలువ) ఉంది. ఈమధ్య కుబుసం ముక్కలు ముక్కలుగా విడిచింది. అప్పటి నుంచి ఎడమ కన్ను బూడిద రంగులో మసకగా ఉంది, కుడి కన్ను మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. రెండు వారాలుగా ఎలుకను ముట్టడం లేదు. తెలిసినవాళ్లు ఒకరు సెల్లో టేపు అంటించి పొర లాగెయ్యమన్నారట. మెడికల్ షాపులో ఏవో కంటి చుక్కలు ఇచ్చారట. వెయ్యాలా వద్దా అని ప్రశ్న.

తమ్మీ, ముందు ఆ టేపు తీసి పక్కన పెట్టు. చుక్కల సీసా మూత కూడా ఇంకా తియ్యకు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే పాత కంటి పొర ఊడకుండా మిగిలిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అదే అయితే ఈ రాత్రికి రాత్రి కొంపలేమీ మునగవు. కానీ ఒక్క కన్నే తెల్లబడినప్పుడు వేరే కారణాలూ ఉంటాయి, వాటిలో కొన్ని కంటిని పూర్తిగా పోగొడతాయి. కాబట్టి ఏదన్నా చేసేముందు అసలు ఆ మసక ఎక్కడుందో తేల్చుకోవాలి.

పాముకు మనలా రెప్పలు ఉండవు. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడే రెండు రెప్పలూ కలిసిపోయి, కంటి మీద పారదర్శకమైన ఒక పొలుసుగా మారతాయి. డాక్టర్లు దాన్ని స్పెక్టకిల్ అంటారు, నేను అద్దప్పొర అంటాను. చేతి గడియారం ముల్లుల మీద అద్దం ఉన్నట్టే అసలు కంటి మీద ఇది ఉంటుంది. ఆ అద్దానికీ లోపలి కంటికీ మధ్య సన్నని ఖాళీ, అందులో కన్నీరు. ఆ కన్నీరు బయటికి కారదు. ఒక సన్నని గొట్టం గుండా నోటి పైభాగంలోకి దిగుతుంది. ఈ గొట్టం సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

అద్దప్పొర చచ్చిన పొలుసు కాదు. దాని లోపల కంటికి కనిపించనంత సన్నని రక్తనాళాలు ఉంటాయి. 2013లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ నాళాలను గమనించి, పాముకు ఎదురుగా మనిషి కదిలితే వాటిలో రక్తం ఆగిపోయే వ్యవధి పెరుగుతుందని, అంటే ప్రమాదం వేళ చూపు మరింత స్పష్టంగా ఉండేలా పాము సర్దుకుంటుందని రాశారు. ఊడేది ఈ పొర పైనున్న పలచని కప్పు మాత్రమే. దాని కిందిది బతికున్న చర్మం. టేపుతో లాగినప్పుడు పాత కప్పు ఒక్కటే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కింది పొర కూడా చిరిగి వస్తే, రెప్ప కొట్టలేని కన్ను గాలికి ఆరిపోతుంది. ఆరిన కన్ను పుండు పడుతుంది, పుండు పడిన కన్నుకు చీము పడుతుంది. చివరికి కన్ను తీసెయ్యడమే మిగులుతుంది. ట్వీజర్‌తో గీకడం, గోటితో గిల్లడం కూడా ఇంతే.

చుక్కల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అద్దప్పొర బాగున్నంత వరకు పైన వేసిన యాంటీబయోటిక్ లోపలి కంటికి చేరదు. గడియారంలో నీళ్లు పోయాయని అద్దం మీద గుడ్డతో తుడిస్తే ఏం లాభం? కాబట్టి సిప్రోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ లాంటివి వేసి ‘మందు పడుతోంది కదా’ అని ధైర్యంగా కూర్చుంటే, ఆ ధైర్యమే ప్రమాదం. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అసలు వద్దు, అవి స్టెరాయిడ్లు. మన మెడికల్ షాపుల్లో ఎర్రబడిన కంటికి ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో యాంటీబయోటిక్‌తో పాటు ఇవి కలిపే ఉంటాయి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఒక్కటే ఉన్న కృత్రిమ కన్నీటి చుక్కలైతే ఇబ్బంది లేదు. అవి రోగాన్ని నయం చేయవు, కానీ అతుక్కున్న పాత కప్పును మెత్తబరుస్తాయి.

ఇప్పుడు మసక ఎక్కడుందో చూద్దాం. మొదటి ప్రశ్న: రెండు కళ్లా, ఒక కన్నా? కుబుసం విడిచే ముందు రెండు కళ్లూ ఒకేసారి పాలు కలిసిన నీలం రంగుకు మారతాయి. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్ల వచ్చే మసక అది. కొన్ని రోజులు అలా ఉండి, మళ్లీ కళ్లు తేటపడతాయి. తేటపడిన మూడు నాలుగు రోజులకో, వారానికో కుబుసం విడుస్తుంది. ఇది రోగం కాదు. చాలామంది కొత్తవాళ్లు ఈ నీలాన్ని చూసి ‘మా పాముకు శుక్లం వచ్చింది’ అని పరుగెత్తుకొస్తారు. ఆ రోజుల్లో పామును ముట్టుకోకపోవడమే మంచిది, సరిగా కనిపించక చిరాకుగా ఉంటుంది. ఎలుకను పెట్టినా తినకపోవచ్చు.

నీ పాము కుబుసం అప్పటికే విడిచింది, ఒక్క కన్నే మసక. అంటే ఆ మామూలు నీలం కాదు. అయితే ముక్కలుగా విడిచిన కుబుసం పారేశావా, దాచావా? తల భాగం దొరికితే సగం పని అయిపోయినట్టే. దాన్ని గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననిచ్చి, మెల్లగా విప్పి వెలుతురుకు పట్టి చూడు. కుబుసం లోపలి వైపు బయటికి తిరిగి వస్తుంది కాబట్టి ఎడమ కుడి తారుమారుగా కనిపించొచ్చు, తికమక పడకు. రెండు కళ్ల చోట రెండు గుండ్రని పారదర్శక కప్పులు ఉండాలి. ఒకచోట కప్పు ఉండి ఇంకోచోట ఖాళీ రంధ్రం ఉంటే, ఆ రెండో కప్పు ఇంకా పాము కంటి మీదే ఉంది. ఇంత సులువైన పరీక్ష వదిలేసి మనవాళ్లు తిన్నగా గూగుల్‌లోకి దూకుతారు. ఇకముందు కుబుసం విడిచిన ప్రతిసారీ తల భాగం చూశాకే పారెయ్.

కుబుసం దొరక్కపోతే కంటినే చూడాలి. ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుతురులో కిటికీ పక్కన. ఫోన్‌తో ఫ్లాష్ లేకుండా ముందు బాగున్న కన్ను, తర్వాత చెడ్డ కన్ను ఒకే దూరం నుంచి ఫొటో తియ్యి. టార్చ్ వాడితే ఒక్క క్షణం, అదీ పక్క నుంచి. సూటిగా కంట్లోకి వద్దు. మిగిలిపోయిన కప్పు అయితే పైన ముడతలు పడినట్టు, పొడిబారినట్టు, ఒక్కోసారి వెండి రంగులో మెరిసినట్టు కనిపిస్తుంది. అంచు దగ్గర చర్మం రేకు లేచి ఉండొచ్చు. కన్ను పరిమాణం మాత్రం రెండోదానితో సమానంగానే ఉంటుంది. ఇదీ అసలు గుర్తు. పైన మసక, కింద వాపు లేదు అంటే మనం అద్దం బయటే ఉన్నాం.

అద్దప్పొర మీద చిన్న గుంట పడినట్టు కనిపించడం ఇంకొకటి. బాల్ పైథాన్లలో ఇది మామూలే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, గాలి పొడిగా ఉన్నప్పుడు వస్తుంది. తేమ సరిచేసి నీళ్లు తాగనిస్తే చాలాసార్లు వచ్చే కుబుసానికి సర్దుకుంటుంది.

మరీ దగ్గరగా చూసేటప్పుడు కంటి చుట్టూ ఉన్న సన్నని గాడి కూడా చూడు. అక్కడ ఆవగింజ కన్నా చిన్న నల్లని చుక్కలు కదులుతుంటే పాము పేలు పడ్డాయన్నమాట. వాటికి కంటి అంచు, గొంతు కింది గాడి ఇష్టమైన చోట్లు. పాము ఎప్పుడూ నీళ్ల గిన్నెలోనే పడుకోవడం, నీళ్లలో నల్లని నలుసులు మునిగి ఉండడం, తెల్ల టిష్యూతో ఒళ్లు తుడిస్తే ఎర్రటి చారలు పడడం మిగతా ఆనవాళ్లు. ఇవి రక్తం తాగుతాయి, కంటి చుట్టూ చర్మాన్ని వాచేలా చేస్తాయి, కుబుసాన్ని సరిగా ఊడనివ్వవు. పేలు ఉన్నంతకాలం కంటికి ఎంత వైద్యం చేసినా కుబుసం కుబుసానికీ అదే కథ. పెట్టెలో పీచు, కట్టెలు అన్నీ తీసేసి ఉత్త కాగితం పరిచి, రోజూ మార్చాలి. పెట్టె మూలలు వేడినీళ్లతో కడగాలి. పాముకు మందు మాత్రం డాక్టరు చెప్పినదే, బరువు చూసి చెప్పిన మోతాదులోనే. పశువుల మందుల షాపులో దొరికే ఐవర్‌మెక్టిన్ తెచ్చి అందాజాగా వెయ్యకు. అదే ఇంట్లో తాబేలు కూడా ఉంటే ఆ మందు దాని దరిదాపులకు కూడా పోనివ్వకు, తాబేళ్లకు అది విషం. పేల కోసం పెట్టెలో కలరా ఉండలు వేసినవాళ్లను కూడా చూశాను. మూసిన పెట్టెలో ఆ వాసన పామునే చంపుతుంది.

ఇక అద్దం లోపలి జబ్బులు. ఇక్కడికొచ్చేసరికి ఇంటి వైద్యం ఆగిపోవాలి.

ఇందాక చెప్పిన కన్నీటి గొట్టం మూసుకుపోతే నీరు దిగే దారి ఉండదు. అద్దప్పొర వెనక కన్నీరు నిండి కన్ను బుడగలా ఉబ్బుతుంది. నీరు తేటగానే ఉంటుంది, లోపలి కన్ను మామూలు సైజులోనే కనిపిస్తుంది, ఉబ్బింది పొర మాత్రమే. అదే గొట్టం గుండా నోట్లోని సూక్ష్మజీవులు పైకి ఎక్కితే అదే ఖాళీలో చీము చేరుతుంది. అప్పుడు పొర వెనక తెల్లగానో పసుపుగానో గడ్డ కనిపిస్తుంది, ఎక్కువగా కింది భాగంలో మొదలవుతుంది. పాముల చీము మనుషుల చీములా పలచగా కారదు, ముద్దగా గట్టిపడుతుంది. అందుకే చుక్కలకు కరగదు, నొక్కితే రాదు. అసలు నొక్కనే కూడదు. కంట్లో చీము ఉందని అనుమానం వస్తే నోరు కూడా చూడాలి. చిగుళ్లు ఎర్రబడి, జిగురు తీగలు సాగుతూ, పసుపు ముద్దలు అంటుకుని ఉంటే అసలు రోగం నోటిది, కన్ను దాని వాటా. నోరు తెరవడం చేతకాకపోతే ప్రయత్నించకు, డాక్టరు చూస్తారు.

దీనికి చేసే ఆపరేషన్ చిన్నదే. పామును మత్తులో ఉంచి, అద్దప్పొర కింది అంచు దగ్గర చిన్న ముక్క కోస్తారు. లోపల చీము తీసి, సెలైన్‌తో కడుగుతారు. కడిగిన నీరు నోట్లోకి దిగితే గొట్టం తెరుచుకునే ఉందని అర్థం. చీమును ల్యాబ్‌కు పంపిస్తే ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. పాముల్లో సూడోమోనాస్ లాంటి మొండి బ్యాక్టీరియా ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష ఖర్చు దండగ కాదు. పొర కోసిన తర్వాత మాత్రం చుక్కలకు దారి దొరుకుతుంది, కాబట్టి అప్పుడు చుక్కలు వేయమంటారు, ఇంజెక్షన్లు కూడా ఇస్తారు. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయోటిక్ రాస్తే మూడు రోజులకొకటి చొప్పున ఇస్తారు. ‘రోజూ వెయ్యట్లేదేంటి’ అని కంగారు పడకు. పాము ఒంట్లో మందు నిదానంగా కదులుతుంది, అందుకే అంత ఎడం. మందు పనిచేయాలంటే పెట్టెలో వెచ్చదనం సరిగ్గా ఉండాలి. చల్లబడ్డ పాముకు మందూ పట్టదు, రోగంతో పోరాడే శక్తీ ఉండదు. కోసిన చోట పొర కాలక్రమంలో కుబుసాలతో పాటు మానుతుంది.

ఎలుక కొరికిన కన్ను వేరే సంగతి. మన దగ్గర బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి, తలుపు వేసి, పొద్దున చూద్దాంలే అని పడుకునే అలవాటు చాలామందికి ఉంది. ఆకలి లేని పాము కదలదు, భయపడ్డ ఎలుక ఊరుకోదు. అది ముఖాన్ని కూడా కొరుకుతుంది. పొర చిరిగినా, రక్తం కనిపించినా, కంటి లోపల ఎర్రగా నిండినా అదే రోజు బయల్దేరాలి. ఎలుకను చంపి, ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, గోరువెచ్చగా చేసి పట్టకారుతో ఇస్తే ఈ గొడవే ఉండదు. ‘బతికున్నదైతేనే తింటది’ అనే మాట చాలా పాముల విషయంలో యజమాని ఓపిక లేకపోవడమే.

ముసలి పాముల్లో లోపలి కటకం తెల్లబడి శుక్లం రావడం ఉంది. నీది మూడేళ్లది, దాని గురించి ఇప్పుడు ఆలోచించకు. మెడ పైకి తిప్పి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోవడం, వెల్లకిలా పడితే మళ్లీ తిరగలేకపోవడం లాంటివి కనిపిస్తే అది కంటి జబ్బు కాదు, నరాల జబ్బు. వెంటనే మిగతా పాముల నుంచి వేరు చేసి చూపించు.

సరే, నీది మిగిలిపోయిన కప్పే అనుకుందాం. పని కంటి మీద కాదు, పెట్టె మీద ఉంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. బయట ఎంత ఎండగా ఉన్నా ఆ బొరియలో తేమ ఉంటుంది. మన నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వేసవి గాలి ఎట్లుంటుందో నేను చెప్పాల్సిన పనిలేదు. బయట ఆరేసిన దుప్పటి గంటలో ఆరిపోయే కాలంలో, పైన జాలీ మూత ఉన్న గాజు పెట్టెలో తేమ ఎక్కడ నిలుస్తుంది? దానికి తోడు ఏసీ ఉన్న గదిలో పెడితే ఇంకా పొడి. చలికాలంలో రాత్రి చలికి భయపడి బల్బు వేస్తారు, అది ఉన్న తేమను కూడా లాగేస్తుంది. కుబుసం చినిగి ముక్కలుగా వచ్చిందంటేనే తేమ చాల్లేదని చెప్పకనే చెబుతోంది.

డిజిటల్ తేమ మీటరు ఒకటి కొను. పెద్ద ఖరీదు కాదు. అంకెలు లేకుండా ‘తేమ బాగానే ఉందన్నా’ అనే మాట నేను నమ్మను. బాల్ పైథాన్‌కు 60 నుంచి 80 శాతం మధ్య ఉండాలి, కుబుసం టైంలో పై అంచుకు దగ్గరగా. వెచ్చని మూల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని మూల 25 నుంచి 27. కార్న్ స్నేక్ (ఇంకో రకం పెంపుడు పాము) ఉన్నవాళ్లు ఈ అంకెలు పట్టుకోకండి, దానికి ఇంత తేమ అక్కర్లేదు, 40 నుంచి 60 చాలు. జాలీ మూతను మూడొంతులు ప్లాస్టిక్ షీటుతో కప్పు, గాలికి కొంత వదులు. అడుగున నర్సరీలో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) తడిపి, పిండి, మందంగా పరుచు. పైపొర ఆరి, కింది పొర తడిగా ఉండాలి. పైనే చిత్తడిగా ఉంటే పొట్ట కింద పొలుసులు కుళ్లుతాయి. గదిలో కూలర్ నడిస్తే మంచిదే, తేమ పెరుగుతుంది. కానీ గాలి సూటిగా పెట్టె మీదికి రాకుండా చూడు.

దాగుడు గూడు కోసం ఆన్‌లైన్‌లో వెతకనక్కర్లేదు. పగిలిన రంజన్ (నీళ్ల మట్టికుండ) ముక్క ఒకటి బోర్లించి, పాము దూరేంత సందు చెయ్యి. ఆ ముక్కను నీళ్లలో నానబెట్టి పెడితే రోజంతా తేమ వదులుతూ ఉంటుంది. పగిలిన అంచును మాత్రం గరుకు కాగితంతో బాగా నున్నగా రుద్దు, లేకపోతే దూరేటప్పుడు కంటికే గీసుకుంటుంది. లోపల తడి గుడ్డో, నాచో పరిచి వెచ్చని మూల వైపు పెట్టు.

ఇక నానబెట్టడం. పాము సగం మునిగేంత నీళ్లు, 28 నుంచి 30 డిగ్రీలు, అంటే మన చేతికి వేడీ చల్లనా అనిపించనంత. గీజర్ నీళ్లు అందాజాగా పొయ్యకు, థర్మామీటర్ పెట్టు. మూతకు గాలి రంధ్రాలున్న డబ్బాలో ఇరవై ముప్పై నిమిషాలు, నువ్వు పక్కనే ఉండగా. తర్వాత తడి టవల్ మడతల మధ్య నుంచి పాకనివ్వు. ముఖం అదే రుద్దుకుంటుంది, చాలాసార్లు కప్పు అక్కడే వచ్చేస్తుంది. కన్నీటి చుక్కలు వాడితే నానబెట్టాక ఒక చుక్క చాలు. రెండు మూడు రోజులకొకసారి ఇట్లా చేసి చూడు, రోజూ చేసి పామును విసిగించకు.

రాకపోతే ఆపెయ్. వచ్చే కుబుసం దాకా ఆగు. మూడేళ్ల పాము మళ్లీ నెలకో రెండు నెలలకో విడుస్తుంది. అప్పటికి తేమ సరిగా ఉంటే పాత కప్పు కొత్త కప్పుతో కలిసి ఊడిపోతుంది. అప్పుడూ రాకపోతే, లేదా పొర మీద పొర పేరుకుపోతే డాక్టరు దగ్గరికి. వాళ్లు తడి దూదిపుల్లతో అంచు నుంచి మెల్లగా దొర్లించి తీస్తారు. చూడ్డానికి సులువుగా ఉంటుంది, కానీ ఏది పాత కప్పు, ఏది బతికున్న పొర అనేది భూతద్దంతో చూసి తెలుసుకునే కన్ను వాళ్లకు ఉంది, మనకు లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో చెప్పేవి కూడా కొన్ని ఉంటాయి. నందివర్ధనం పువ్వుల రసం, ఆముదం, చనుబాలు, పసుపు నీళ్లు. మనుషుల కంటికే వీటిని ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. పాము కంటి అంచుల గాడిలో నూనె పడితే దుమ్ము, కోకోపీట్ అన్నీ అక్కడే అంటుకుంటాయి. నాగుల పంచమికి పాములవాళ్లు తెచ్చే నాగుపాముల మీద చల్లే పసుపు కుంకుమ కూడా ఇలాగే కంటి అంచుల్లో చేరి వాటిని హింస పెడుతుంది. అట్లా తిప్పడమే చట్టానికి విరుద్ధం, అది వేరే సంగతి.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన చేలల్లో దొరికే జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ, రెండు తలల పాము లాంటివి ఏవీ ఇంట్లో పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. దెబ్బ తగిలిన కన్నుతో దొరికినా సరే, అటవీ శాఖకు అప్పగించాలి. వైద్యం చేసి పెంచుకుంటా అంటే కుదరదు. విషపు పాము కంటిని పరిశీలించే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. నీలం కళ్లతో ఉన్న నాగుపాము మామూలుకన్నా త్వరగా కాటేస్తుంది. నీ బాల్ పైథాన్ విదేశీ పాము, కానీ వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్న జాతి. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించి ఉండాలి. ఆ కాగితం జిరాక్స్ పాము ఫైల్‌లో పెట్టుకో. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట ఉంటే మంచిది.

ఎప్పుడు బయల్దేరాలో సూటిగా చెప్తా. చెడ్డ కన్ను మంచి కన్నుకన్నా పెద్దదైనా, లోపలికి గుంజుకుపోయినా, పొర వెనక తెల్లని లేదా పసుపు ముద్ద కనిపించినా, రక్తం ఉన్నా, నోట్లో జిగురు ఉన్నా, వాసన వచ్చినా, కంటి మీద పొరే లేనట్టు గరుకుగా కనిపించినా వచ్చే కుబుసం కోసం ఎదురు చూడొద్దు. రోజూ ఒకే టైంకు ఫొటో తీస్తుంటే మార్పు నీకే తెలుస్తుంది. నిన్నటి కన్నా ఈరోజు ముదిరిందంటే అదీ కారణమే.

ఎక్కడికి అంటే, మన జిల్లాల పశువైద్యశాలల్లో గొర్రెలు, గేదెలు చూసే డాక్టర్లే ఎక్కువ. తూకం వేయించడానికి, నోరు చూపించడానికి వాళ్ల సాయం తీసుకో. చాలామంది మర్యాదగా అడిగితే చేస్తారు. కానీ కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ పోవాల్సిందే. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరంలో పాములను, పక్షులను చూసే ప్రైవేటు డాక్టర్లు కూడా ఉన్నారు. ఫోన్ చేసి, పాములను చూసే డాక్టరు ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కున్నాకే ఇంట్లోంచి కదులు. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లే, కానీ మే నెలలో ఆ వంద కిలోమీటర్లు పాముకు చాలా దూరం. తెల్లవారకముందే బయల్దేరు. పలచని బట్ట సంచిలో పామును వేసి మూతి కట్టి, ఆ సంచిని గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టు. సంచి కుట్టుల దారాలు లోపలికి వేలాడకుండా చూడు, కంటికి తగులుతాయి. బస్సు డిక్కీలో వద్దు, చిట్యాల దగ్గర టీ కోసం దిగి కారు అద్దాలు మూసి వదలొద్దు. డాక్టరుకు చూపించడానికి కుబుసం తల భాగం, ఫొటోలు, తేమ, వేడి అంకెలు రాసిన కాగితం, చివరిసారి ఎప్పుడు తిన్నదో ఆ తేదీ పట్టుకెళ్లు. మెడికల్ షాపు చుక్కలు ఒక్కసారి వేసినా దాచకు, సీసా చూపించు.

చివరిది, తిండి. రెండు వారాలు తినకపోవడం ఈ జాతికి పెద్ద విషయం కాదు. మగవి చలికాలంలో నెలల తరబడి మానేస్తాయి. అన్నం కోసం కంటిని తొందరపెట్టకు. వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూసి రాసుకో. పదో వంతుకన్నా ఎక్కువ తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, నాలుకతో వాసన పడుతుంది, కాబట్టి ఒక కన్ను మసకగా ఉన్నా, రేపు డాక్టరు కన్ను తీసెయ్యాల్సి వచ్చినా కూడా వేటకు ఇబ్బంది ఉండదు. ఒంటికన్ను పాములు ఏళ్ల తరబడి హాయిగా తిని బతుకుతున్నాయి. తేమ సరిచేసిన వారం తర్వాత, మామూలుగా ఇచ్చేదానికన్నా ఒక సైజు చిన్న ఎలుకను గోరువెచ్చగా చేసి, చీకటి పడ్డాక, పొడవాటి పట్టకారుతో కుడి కన్ను వైపు నుంచి చూపించు. పట్టుకోకపోతే పెట్టెలోనే వదిలేసి పోకు. తీసేసి, మళ్లీ వారం ఆగి పెట్టు.